మూడు పాటలు చెప్పు చూద్దాం



అంబేద్కర్ జయంతికి టీ షర్టులు ఎక్కడ ఆర్డర్ పెట్టాలని ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. రెండు లైన్లలో తేలే జవాబు కాదు. అందుకే ఈ పోస్టు.

డిగ్రీ మొదటేడు కోఠి ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకు ఒక నల్ల టీ షర్టు కొన్నాను. ఛాతీ మీద మెటాలికా అని ఉంది. అది బ్యాండ్ పేరని కూడా నాకు తెలీదు. రంగు వెలవలేదు, ఒంటికి సరిపోయింది, అంతే. క్లాసులో ఒకడు "మూడు పాటలు చెప్పు చూద్దాం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ సాయంత్రం హాస్టల్‌కొచ్చి దాన్ని పెట్టె అడుగున పడేశాను.

ఇష్టమైన బ్యాండ్ గురించి అడగడం తప్పు కాదు. కానీ ఆ గొంతు మనకు కొత్తదీ కాదు. "నీ ర్యాంకెంత? ఏ కోటా?" అనే గొంతే అది. ఇంట్లో ఇంగ్లిష్, ఇంటర్నెట్, గిటారు ఉన్నవాడికి మూడు పాటలు ఊరికే వస్తాయి. మన దగ్గరికి చొక్కా ముందొస్తుంది, పాట తర్వాతొస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేముంది?

పాటలు తర్వాత విన్నాను. లోగోల కథలూ తెలిశాయి. మెటాలికా లోగో ఆ బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ గీసుకున్నదే. పబ్లిక్ ఎనిమీ లోగోలో తుపాకీ గురి మధ్య నిలబడ్డ మనిషి బొమ్మను తయారుచేసింది ఆ బృందం రాపర్ చక్ డి. కంపెనీలు అచ్చేసి అమ్మకముందు అవి చేతి పనులే.

మా నాయిన డప్పు కొట్టేవాడు. తాత కాలంలో దొర ముందు నిలబడాలంటే ఒంటిమీద చొక్కా ఉండకూడదు, తువ్వాల నడుముకు చుట్టుకోవాలి. ఆ డప్పుకు లోగో లేదు. 2018 జనవరి 6న చెన్నైలో ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ తొలి కచేరీ చేసింది. పా. రంజిత్, తెన్మా కూడగట్టిన బృందం అది. గానా పాటగాళ్లు సూట్లు వేసుకొని వేదికెక్కారు. ఆ వీడియో చూసి నాకు కన్నీళ్లెందుకొచ్చాయో, సూటంటే ఫ్యాషన్ అనుకునేవాళ్లకు చెప్పలేను.

ఆ వారమే పెట్టెలోంచి పాత చొక్కా తీశాను. ఎక్స్‌రే ఫిల్మ్ మీద డప్పు బొమ్మ బ్లేడుతో కోసి, తెల్ల ఫ్యాబ్రిక్ పెయింట్‌ను స్పాంజితో వీపు మీద అద్దాను. అంచులు కారిపోయాయి. అయినా అదే వేసుకొని తిరిగాను. "ఇదే బ్యాండ్?" అని ఒకరడిగితే "మా నాయినది" అన్నాను.

కాబట్టి తమ్ముడూ, కొనడం తప్పనను. బ్యాండ్ తానే అమ్మితే కొను, పాడేవాళ్లకు నాలుగు డబ్బులు చేరతాయి. బాబాసాహెబ్ బొమ్మ ఎవరమ్ముతున్నారో, లాభం ఎవరి జేబులోకి పోతుందో మాత్రం అడుగు. వీలైతే ఈసారి హాస్టల్లో ఒక రాత్రి కూర్చొని మీరే అచ్చేయండి. "ఈయన ఎప్పుడూ సూటెందుకు వేసుకుంటాడన్నా?" అని పక్కన ఎవరో ఒకరు అడుగుతారు. స్టడీ సర్కిల్ అక్కడే మొదలవుతుంది.

ఇంకో మాట. ఆ చొక్కా వేసుకున్న జూనియర్‌ను బాబాసాహెబ్ రాసిన మూడు పుస్తకాల పేర్లు చెప్పమనకండి. ఒక పుస్తకం చేతిలో పెట్టండి.

జై భీమ్.