లేదన్న చోటే వెతికారు



హాస్టల్‌లో సైన్స్ గ్రూపు తీసుకున్న ప్రతివారినీ అడిగేది ఒకటే: "డాక్టరా, ఇంజనీరా?" పరిశోధన అనే మూడో దారి గురించి చెప్పేవారు తక్కువ. అది మనలాంటి వారికి అందదన్న అభిప్రాయం తప్పని నేనంటాను.

1911లో కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిస్తే దాని విద్యుత్ నిరోధం మాయమైంది. అదే అతివాహకత్వం. తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా ఎక్కువమంది లోహాల్లోనే వెతికారు. అయస్కాంతత్వం దీనికి శత్రువని నమ్మారు.

1983లో స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో ముల్లర్, బెడ్నోర్జ్ ఆక్సైడ్లలో వెతకడం మొదలుపెట్టారు. రెండేళ్లకు పైగా ఫలితం లేదు. 1985 చివర్లో బెడ్నోర్జ్ ఫ్రెంచి శాస్త్రజ్ఞుల వ్యాసం ఒకటి చదివారు. అందులోని బేరియం, లాంథనం, రాగి ఆక్సైడే 1986లో వారికి దారి చూపింది. మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది.

స్వచ్ఛమైన లాంథనం రాగి ఆక్సైడ్‌లో కరెంటు పారదు. పక్కపక్క రాగి పరమాణువుల అయస్కాంత దిశలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. మన మెస్ క్యూ గుర్తు తెచ్చుకోండి. ఇరుక్కుని నిలబడితే ఎవరూ కదల్లేరు. నలుగురు తప్పుకుంటే వరుస కదులుతుంది. లాంథనం బదులు కొంత స్ట్రాన్షియం వేస్తే ఎలక్ట్రాన్లు తగ్గి ఖాళీలు ఏర్పడతాయి. 100 రాగి పరమాణువులకు సుమారు 15 స్ట్రాన్షియం పరమాణువులు చేరినప్పుడు ఈ పదార్థం అతివాహకంగా బాగా పనిచేస్తుంది. ఎక్కువైతే మళ్లీ ఆ గుణం పోతుంది.

1987లో యిట్రియం కలిసిన రాగి ఆక్సైడ్ సుమారు మైనస్ 180 డిగ్రీల దగ్గరే అతివాహకమైంది. దానికి చవకైన ద్రవ నత్రజని చాలు. 2008లో జపాన్‌లో హొసోనో బృందం ఇనుము ఉన్న పదార్థంలోనూ సాధించింది. అయినా ఇది ఎందుకు జరుగుతుందో అందరూ ఒప్పుకునే వివరణ నేటికీ లేదు. అంటే మనకోసం ప్రశ్న మిగిలే ఉంది.

ఆ విజయానికి మలుపు ఒక వ్యాసం చదవడం. మన రీడింగ్ రూములో గైడ్లు, టెస్ట్ పేపర్లు తప్ప సైన్స్ పత్రికలు లేవు. వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులు ఇచ్చే చందాలో కొంత షామియానాకు తగ్గించి పత్రికలకు ఇవ్వాలని నా మనవి. తమ్ముళ్లూ, స్టడీ అవర్‌లో రోజుకు ఒక్క పేజీ సిలబస్‌లో లేనిది చదవండి. పాఠంలో "సాధ్యం కాదు" అని కనిపిస్తే, ఎందుకు కాదని అడగండి.