ఎం.పి.హెచ్. ఎక్కడ చదివించాలి?

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా అమ్మాయి బి.డి.ఎస్. పూర్తి చేసింది. అమెరికాలో ఎం.పి.హెచ్. చదువుతానంటోంది. కన్సల్టెన్సీ వాళ్ళు మూడు యూనివర్సిటీల పేర్లు ఇచ్చారు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు లోను తీసుకుందామంటున్నారు మావారు. ఆ మూడింట్లో ఏది మంచిది?"

ఆ మూడు పేర్లూ కాసేపు పక్కన పెట్టండమ్మా. ముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి, ఆ చదువు చదివి ఏం పని చేద్దామనుకుంటోందో.

ఎందుకంటే, ఎం.పి.హెచ్. చేస్తే అక్కడ పళ్ళ డాక్టరుగా పనిచేయవచ్చని చాలామంది అనుకుంటున్నారు. చేయలేరు. దానికి అక్కడి పరీక్షలు వేరే ఉన్నాయి, చాలా రాష్ట్రాల్లో అక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ చదవాలి కూడా. ఎం.పి.హెచ్. అంటే ప్రజారోగ్యం. డాక్టరు తన ఎదురుగా కూర్చున్న ఒక్క రోగిని చూస్తే, ఈ చదువు చదివినవాళ్ళు ఊరు ఊరంతటినీ చూస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అంతమందికి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయి? ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్నా, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్ళకి మందు బిళ్ళకంటే ముందు కావలసింది మంచినీళ్ళు. ఇలాంటి పని మీద మనసుంటేనే ఈ చదువు. అమెరికా వెళ్ళడానికి ఒక దారి అనుకుంటే మాత్రం చాలా ఖరీదైన దారి!

మనసు ఉందనుకుందాం. అప్పుడు ఏ శాఖ? జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందని ఆరా తీసేది ఎపిడిమియాలజీ. లెక్కలంటే ఇష్టమైతే బయోస్టాటిస్టిక్స్. ఆసుపత్రులు, పథకాలు నడపడం ఒక శాఖ, గాలీ నీరూ సంగతి ఇంకొకటి. చెప్పినా జనం ఎందుకు వినరో, ఎలా చెబితే వింటారో చూసేది మరొకటి. అన్ని శాఖల్లోనూ గట్టిగా ఉండే కాలేజీలు తక్కువ. చీరల షాపు పేరు మోసినదే అయినా పట్టు ఒకచోట, నేత ఇంకోచోట కొంటాం కదా! శాఖ తేలాకే కాలేజీ.

ఇప్పుడు ఆ మూడు పేర్లు తీయండి. ప్రజారోగ్యం కోర్సులకు అమెరికాలో గుర్తింపు ఇచ్చే సంస్థ సి.ఇ.పి.హెచ్. దాని జాబితాలో ఆ కాలేజీ ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ అమ్మాయే చూసుకోవచ్చు. లేకపోతే ఆ పేరు కొట్టేయండి.

తరువాతిది మరీ ముఖ్యం, కన్సల్టెన్సీ వాళ్ళు సాధారణంగా చెప్పనిది. చదువయ్యాక అక్కడ ఉద్యోగానుభవానికి ఇచ్చే గడువు మామూలుగా 12 నెలలు. సైన్సు, టెక్నాలజీ జాబితాలో ఉన్న కోర్సులకు ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. ఎపిడిమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి, జనరల్ పబ్లిక్ హెల్త్ లేదు. డిగ్రీ పేరు రెంటికీ ఎం.పి.హెచ్.యే! తేడా అంతా కోర్సు కోడ్ నెంబరులో ఉంటుంది. అప్లికేషను ఫీజు కట్టేముందే ఆ నెంబరు ఏమిటని కాలేజీకి రాసి అడగమనండి. ఈ నిబంధనలు మారుతూంటాయి కాబట్టి ఆ ఏడాది సంగతి ఆ ఏడాదే కనుక్కోవాలి.

ఇక లోను. వడ్డీ 10 శాతం అనుకున్నా 40 లక్షల మీద ఏడాదికి 4 లక్షలు, అంటే నెలకు 33 వేల పైచిలుకు. అది వడ్డీ మాత్రమే, అసలు అలాగే ఉంటుంది. 12 నెలల్లో ఉద్యోగం కుదరక అమ్మాయి తిరిగి వస్తే ఇక్కడి జీతంతో అది తీరుతుందా? మావారు, మీరు, అమ్మాయి ముగ్గురూ కూర్చుని ఈ లెక్క కాయితం మీద వేయండి అని కాదు, మీ వారి చేతే వేయించండి!

నన్నడిగితే, ముందు మన దేశంలో చదివించడమే మేలంటాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.పి.హెచ్. ఉంది. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ 1997 నుంచి ఈ కోర్సు నడుపుతోంది. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఉంది. ఇక్కడ చదివి రెండేళ్ళు పల్లెల్లో పనిచేస్తే, ఆ తరువాత పై చదువుకి విదేశాలకు వెళ్ళాలన్నా ఆ అనుభవం పనికొస్తుంది.

అయినా అమెరికాయే అంటే, గత రెండు బ్యాచీల పిల్లలు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో కాలేజీని అడగండి. అక్కడ చదువుతున్న మన తెలుగు పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని అమ్మాయి తనంతట తానే వెతికి పట్టుకుని మాట్లాడాలి. కన్సల్టెన్సీ వాళ్ళు చూపించినవాళ్ళతో కాదు. చాలా కన్సల్టెన్సీలకు కొన్ని యూనివర్సిటీల నుంచి కమీషను ముడుతుంది.

"డాక్టరు చదువు చదివినవాళ్ళే ఎం.పి.హెచ్. చేయాలా?" అని అడిగిన ఖమ్మం సోదరికి: అక్కర్లేదు. కొన్ని సంస్థలు డాక్టర్లనే తీసుకుంటాయి గానీ, నర్సింగ్, ఫార్మసీ, మామూలు డిగ్రీ చదివినవాళ్ళని తీసుకునేవీ ఉన్నాయి. మీ అమ్మాయికి లెక్కలంటే భయమన్నారు. ఏ శాఖ తీసుకున్నా స్టాటిస్టిక్స్ కొంత తప్పదు, ఈ సెలవుల్లోనే ఇంటర్ పుస్తకం తెచ్చి మొదలుపెట్టించండి.