హక్కులూ – మన రికార్డు బుక్కూ

డిసెంబరు 10 వచ్చిందంటే ఏ కాలేజీలోనైనా ఒక బ్యానరు కడతారు. 1948లో ఆ రోజున ఐక్యరాజ్యసమితి పారిస్‌లో విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించిందనీ, అందులో 30 అధికరణలున్నాయనీ, ముసాయిదాలో 'పురుషులందరూ' అన్నచోట 'మానవులందరూ' అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతాయేననీ వక్తలు చెబుతారు. అన్నీ నిజాలే. చప్పట్లు కొడతాం, టీ తాగుతాం, క్లాసులకు పోతాం.

మిత్రులారా! హక్కులున్నాయని తెలిస్తే చాలా? కాలవ నిండా నీళ్ళున్నంత మాత్రాన మడి తడవదని మా ఊళ్ళో చిన్నపిల్లవాడికీ తెలుసు. అర్ధరాత్రయినా సరే గట్టుమీదికి పోయి, మన వంతు వచ్చినప్పుడు మడవ తిప్పుకోవాలి. రాజ్యాంగం మూడో భాగం నిండు కాలవే. మడవ తిప్పే మనిషేడీ?

'అది లాయర్ల పని, ఆర్ట్సు వాళ్ళ పని' అని మన సైన్సు విద్యార్థులం తప్పుకుంటున్నాం. ఈ మాటకు నేను ఎదురు చెప్పదలచుకున్నాను. హక్కుల రక్షణలో మొదటి పని ఉపన్యాసం కాదు. జరిగింది జరిగినట్టు, తేదీతో, వేళతో రాసిపెట్టడం. ప్రతి ప్రాక్టికల్ క్లాసులోనూ మనకు నేర్పేది అదే కదా!

ఒక కాలేజీలో జరిగిన సంగతే చూడండి. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976 మార్చి 1న, కేరళలోని కాలికట్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. పాటలు బాగా పాడే కుర్రవాడు. తండ్రి ఈచర వారియర్ హిందీ అధ్యాపకుడు. కొడుకు కోసం ఆయన తొక్కని గడప లేదు. కోర్టుకు పోదామంటే, అదే ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో నిర్బంధాన్ని ప్రశ్నించే హెబియస్ కార్పస్ పిటిషన్ చెల్లదనేసింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే.

1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తివేయగానే ఆ తండ్రి కేరళ హైకోర్టుకెక్కాడు. అసలు రాజన్‌ను అరెస్టే చెయ్యలేదని ప్రభుత్వం వాదించింది. ఆ అబద్ధం ఎట్లా కూలింది? మీ అబ్బాయిని పోలీసులు తీసుకుపోయారని కాలేజీ ప్రిన్సిపాల్ అప్పట్లోనే తండ్రికి ఉత్తరం రాసిపెట్టాడు. పట్టుకుపోతుండగా చూసినవాళ్ళూ, కక్కయం పోలీసు శిబిరంలో అతన్ని చూసినవాళ్ళూ సాక్ష్యం చెప్పారు. కోర్టు ఆ సాక్ష్యాన్నే నమ్మింది. అంతకు నెల్లాళ్ళ ముందే ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్, ఎమర్జెన్సీలో హోంమంత్రిగా ఉన్నవాడు, గద్దె దిగాల్సి వచ్చింది. రాజన్ కస్టడీలో చనిపోయాడని ప్రభుత్వమే ఒప్పుకుంది. శవం మాత్రం ఈనాటికీ దొరకలేదు. కొడుకు తిరిగి రాలేదు గానీ, అబద్ధం మాత్రం నిలవలేదు. మా నాన్న మిల్లుకు వడ్లు తోలితే తూకం చీటీ చేతికి రానిదే బండి కదలనివ్వడు. చీటీ లేని మాట గాలికి పోతుందంటాడు. న్యాయం సంగతీ అంతే.

ఇంకో ఉత్తరం సంగతి. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థకు చెందిన డి.కె. బసు, లాకప్ మరణాల గురించి పేపర్లలో వచ్చిన వార్తలు చూపుతూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్ళు పట్టింది, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. అరెస్టు చేసేవాళ్ళు పేరు పట్టీ పెట్టుకోవాలి. అరెస్టు మెమో రాసి, తేదీ, వేళ వేసి, సాక్షి సంతకం తీసుకోవాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చెయ్యాలి. 48 గంటలకొకసారి వైద్యపరీక్ష చేయించాలి. వీటిలో ముఖ్యమైనవి 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి. ప్రయాణకాలం పోను 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ మొదటినుంచీ చెబుతూనే ఉంది.

'దొంగలకూ హంతకులకూ హక్కులేమిటండీ?' అని హాస్టల్లో వాదించేవాళ్ళున్నారు. దొంగ అవునో కాదో తేలేది కోర్టులోనే కదా! లాకప్పులోనే తేల్చేస్తే రేపు మీ తమ్ముణ్ణి ఎవరు కాపాడతారు? మనకు నచ్చినవాళ్ళకే వర్తించేదాన్ని పక్షపాతం అంటారు గానీ హక్కు అనరు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ జీవితం నాకు చెప్పింది ఇదే. లెక్కల మాస్టారు ఊరూరా తిరిగి నిజనిర్ధారణ చేశారు, తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించారు. రాజ్యహింసను ప్రశ్నించినట్టే ఉద్యమాల పేరిట జరిగే హింసనూ ప్రశ్నించాలన్నారు. 1998లో మానవ హక్కుల వేదిక స్థాపనలో ముందు నిలిచారు. 2009 అక్టోబరులో కన్నుమూసేదాకా ఆ పని ఆపలేదు.

'చదువుకోరా అని పంపితే నీకెందుకురా ఈ గోల?' అంటుంది మా అమ్మ. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. అప్పు చేసి ఫీజు కట్టే ఇంట్లో కేసు అనే మాట వింటేనే గుండె జారుతుంది. కానీ ఆ ప్రిన్సిపాల్ నినాదమేమీ ఇవ్వలేదు, తనకు తెలిసింది కాగితం మీద పెట్టాడు. ఒంటరిగా చెయ్యడానికి భయమైతే పదిమందిమి కలిసి చేద్దాం. యూనియన్ ఉన్నది దేనికి?

అందుకని యూనియన్‌కు నావి మూడు సూచనలు.

ఒకటి: ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద అరెస్టు నియమాలు తెలుగులో రాసిపెట్టాలి. పక్కనే ఉచిత న్యాయసహాయం నంబరు 15100 ఉండాలి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం దొరుకుతుంది.

రెండు: ప్రతి ఆదివారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అర్జీలు రాసిపెట్టాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన విషయమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. ఈ రెండో సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

మూడు: ఎక్కడైనా అన్యాయం జరిగిందని వింటే ముందు పోయి కనుక్కోవాలి. ఇరుపక్షాలనూ అడగాలి. చూసింది వేరే, విన్నది వేరే రాయాలి. రీడింగు రాకపోతే రాలేదనే వెయ్యాలి. ముందే జవాబు అనుకుని రీడింగులు దిద్దితే లాబొరేటరీలో మార్కులు పోతాయి, ఇక్కడ ఒక మనిషి బతుకే పోవచ్చు.

లెక్చరర్లు మాకు దారి చూపాలి. లాయర్లయిన పూర్వ విద్యార్థులు నెలకొక పూట కేటాయించాలి. ఎవరు వచ్చినా రాకపోయినా, అర్జీలు రాయడానికి నేనూ మా రూమ్మేట్లిద్దరూ వచ్చే ఆదివారం నుంచే సిద్ధం. ఇంకొందరు కలిస్తే బాగుంటుంది.

– బి.యస్సీ. ఫైనలియర్ విద్యార్థి