దెయ్యాల వేటలో నేనూ మా చిన్నాడూ

మా చిన్నాడికి ఎనిమిదేళ్ళు. రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నన్ను లేపాల్సిందే. అలాంటివాడు దెయ్యాల వీడియో గేమ్ ఆడతానంటే నేనెందుకు ఒప్పుకుంటాను? "పోనీ నువ్వూ ఆడు అమ్మా" అన్నాడు. సరేనని కూర్చున్నాను.

ఆట పేరు లుయీజీస్ మాన్షన్ 3. నింటెండో స్విచ్ మీద ఆడేది, 2019లో వచ్చింది. మారియో, అతని తమ్ముడు లుయీజీ, యువరాణి పీచ్ ఒక పెద్ద హోటల్‌కి సెలవులు గడపడానికి వెళ్తారు. ఆ రాత్రే దెయ్యాల రాజు కింగ్ బూ లుయీజీని తప్ప అందరినీ పటాల్లో బంధిస్తాడు. వాళ్ళని విడిపించడానికి లుయీజీ చేతిలో ఉన్న ఆయుధం ఏమిటో తెలుసా? వాక్యూమ్ క్లీనర్! దెయ్యం కళ్ళలోకి టార్చి కొట్టి, అది బిత్తరపోగానే లోపలికి లాగేయడమే. ఇల్లు దులిపే పనికి ఇంత గౌరవం నేనెక్కడా చూడలేదు.

నాకు బాగా నచ్చింది లుయీజీ పిరికితనం. కాళ్ళు వణుకుతుంటాయి, గొంతు పెగలదు. అయినా తలుపు తీస్తాడు. "మగపిల్లాడివి, భయమేంట్రా" అని మనం అంటుంటాం చూడండి, ఆ మాట ఎంత పనికిరానిదో నాకప్పుడు తెలిసొచ్చింది. భయం పోయాక వెళ్ళడం కాదు, భయపడుతూనే వెళ్ళొచ్చని వాడికి చూపించింది ఈ ఆటే.

రెండో మనిషి ఆడటానికి గూయీజీ అని ఆకుపచ్చ జిగురు బొమ్మ ఉంటుంది. అది నేను. ఊచల్లోంచి దూరిపోతాను, మేకుల మీద నడుస్తాను, నీళ్ళు తగిలితే మాత్రం కరిగిపోతాను. కరిగినా మళ్ళీ లేచొస్తాను. అమ్మ పాత్రే అనుకోండి!

లోపాలూ ఉన్నాయి. గురి చూడటం చేతికి అంత తేలిగ్గా రాదు. రబ్బరు బాతు మీద తేలుతూ చేసే పోరాటంలో ఇద్దరం విసిగిపోయాం. ఒక దెయ్యప్పిల్లి లిఫ్టు మీట ఎత్తుకుపోతే, శుభ్రం చేసొచ్చిన అంతస్తులోనే మళ్ళీ దాని వెనక పరిగెత్తాలి. అదీ రెండుసార్లు. గది గదిలోనూ డబ్బు రాలుతుంది కానీ, దాంతో కొనుక్కునేది పెద్దగా ఏమీ లేదు.

అన్నిటికంటే నన్ను గుచ్చింది ఆడవాళ్ళ సంగతి. యువరాణి పటంలో బొమ్మై, ఎవరొస్తారా అని ఎదురుచూడాలి. అంత హోటల్ నడిపే హెలెన్ గ్రేవ్లీ చేసేదంతా కింగ్ బూ మెప్పు కోసమే. "పీచ్‌కి కూడా ఒక వాక్యూమ్ ఇవ్వొచ్చు కదరా" అన్నాను. మా వాడు కాసేపు ఆలోచించి, "అవునమ్మా, ఇవ్వాలి" అన్నాడు. పక్కన కూర్చోకపోతే ఆ మాట ఎక్కడ వచ్చేది?

మొన్న రాత్రి నన్ను లేపాడు. "నేను లుయీజీ, నువ్వు గూయీజీ. గుమ్మం దగ్గరే నిలబడు, లోపలికి రాకు" అని తనే వెళ్ళి లైటు వేసుకున్నాడు.

అందుకే చెబుతున్నా, పిల్లలకి ఈ ఆట ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోకండి. రెండో కంట్రోలర్ మీరు పట్టుకోండి.