చిన్న టేబులే కదా అని చులకన వద్దు!

బీటెక్ అయ్యాక గ్యాంగులో ఒకడు మాస్టర్స్‌కి యూకే వెళ్తాడు, ఇంకొకడు యూఎస్ వెళ్తాడు. ఆర్నెల్లు తిరక్కుండానే వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలు. యూకే వాడు పబ్బులో పూల్ ఆడుతున్న ఫొటో పెడతాడు. ‘అది చిన్నపిల్లలాడుకునే టేబుల్ రా, ఇక్కడికొచ్చి ఆడు తెలుస్తుంది’ అంటాడు డల్లాస్ వాడు. ‘మీ పాకెట్లు బకెట్లంత ఉంటాయి మామా, కళ్లు మూసుకుని కొట్టినా పడతాయి’ అని వీడి కౌంటర్. ఇద్దరిలో ఎవరిది రైటు? ఈ వారం ఆ పంచాయితీ తేల్చేద్దాం.

ముందు కొలతలు. అమెరికన్ పోటీల టేబుల్ 9 అడుగులు. అందులో బంతులు దొర్లే చోటు 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. బంతి 2.25 అంగుళాలు. మూల పాకెట్ నోరు కనీసం 4.5 అంగుళాలు, అంటే రెండు బంతులు పక్కపక్కన పట్టేంత. బ్రిటిష్ పబ్బుల్లో ఎక్కువగా కనిపించేది 7 అడుగుల టేబుల్. ఆడే చోటు సుమారు 72 అంగుళాలు, 36 అంగుళాలు. ఎరుపు, పసుపు బంతులు 2 అంగుళాలే. పాకెట్ నోరు లెక్క కోసం మూడున్నర అంగుళాలు అనుకుందాం.

ఇప్పుడొక చిన్న లెక్క. టేబుల్ నట్టనడుమ ఉన్న బంతిని మూల పాకెట్‌లో వేయాలి. అమెరికన్ టేబుల్ మీద అది 56 అంగుళాలు ప్రయాణించాలి. బ్రిటిష్ టేబుల్ మీద 40 చాలు. కానీ అక్కడ పాకెట్ ఇరుకు. లెక్క వేసి చూస్తే బంతి అటో ఇటో ఎంత పక్కకు పోయినా పర్లేదు అన్నది రెండు టేబుళ్ల మీదా సుమారు 1 డిగ్రీయే! దూరం తగ్గించి ఇచ్చిన సుఖాన్ని ఇరుకు పాకెట్ లాగేసుకుంటోందన్నమాట.

మరి తేడా ఎక్కడ? మూడు చోట్ల.

ఒకటి, పాకెట్ ఆకారం. అమెరికన్ పాకెట్ అంచులు కోణంగా కోసినట్టు ఉంటాయి. కుషన్ పక్కనే దొర్లుకుంటూ వచ్చిన బంతిని చాలాసార్లు లోపలికి లాక్కుంటాయి. బ్రిటిష్ పాకెట్ అంచులు స్నూకర్ టేబుల్‌లా గుండ్రంగా ఉంటాయి. గట్టిగా కొట్టిన బంతి ఆ వంపుకు తగిలిందా, అటూ ఇటూ కొట్టుకుని బయటికొచ్చేస్తుంది. అక్కడ బలం కన్నా నెమ్మది ముఖ్యం. యూఎస్‌లో అలవాటైన ధనాధన్ షాట్ యూకేలో పరువు తీసేది ఇక్కడే.

రెండు, రద్దీ. అమెరికన్ టేబుల్ విస్తీర్ణం బ్రిటిష్ దానికి దాదాపు రెట్టింపు. బంతులు మాత్రం రెండింటి మీదా 16 చొప్పునే. అమెరికన్ బంతి కాస్త పెద్దదే అయినా, ఆ తేడా కలుపుకుని చూసినా బ్రిటిష్ టేబుల్ మీద రద్దీ ఒకటిన్నర రెట్లు. సంక్రాంతికి ఊరెళ్లే బస్సులా ఉంటుంది పరిస్థితి. దారి దొరకదు, అతుక్కుపోయిన బంతుల్ని విడదీయాలి, తెల్ల బంతిని అంగుళాల లెక్కన ఆపాలి. అమెరికన్ టేబుల్ మీద దారులు బోలెడు. కాకపోతే తెల్ల బంతిని రెండు మూడు కుషన్లు తిప్పి ఆ చివర నుంచి ఈ చివరకు తేవాలి. పైగా అది దూరంగా నిలబడితే గురిలో వెంట్రుకవాసి తప్పు కూడా అవతలికెళ్లేసరికి పెద్దదవుతుంది.

మూడు, బట్ట, తెల్ల బంతి. అమెరికన్ పోటీల టేబుల్ మీది బట్టకు నూగు ఉండదు, బంతి జారినట్టు పోతుంది. బ్రిటిష్ పబ్ టేబుల్ బట్టకు సాధారణంగా నూగు ఉంటుంది, బంతి త్వరగా నెమ్మదిస్తుంది. ఇంకో చిక్కు ఏంటంటే, నాణెం వేసి ఆడే పబ్ టేబుళ్ల మీద తెల్ల బంతి తరచూ మిగతా వాటికన్నా చిన్నది. పాకెట్‌లో పడినా మెషీన్ దాన్ని వేరుచేసి వెనక్కి పంపాలి కదా, అందుకు! 1.875 అంగుళాల ఆ బంతి మిగతా వాటికన్నా సుమారు 18 శాతం తేలిక. వెనక్కి లాగడం సులువు, ముందుకు తోయడం కష్టం. అలవాటు లేనివాడికి మొదటి గంట అంతా అయోమయమే.

ఇక అసలు తీర్పు. దూరం షాట్లు, తెల్ల బంతిని ఊరంతా తిప్పే పని చూస్తే అమెరికన్ టేబుల్ కష్టం. ఇరుకులో దారి వెతకడం, పాకెట్‌లోకి మెత్తగా దించడం చూస్తే బ్రిటిష్ టేబుల్ కష్టం. ‘చిన్నది కాబట్టి తేలిక’ అన్న మాట మాత్రం తప్పు. సాక్ష్యం కావాలా? ఇంగ్లండ్‌కు చెందిన డారెన్ యాపిల్టన్ చిన్న టేబుల్ ఆటలో పేరు తెచ్చుకున్నాక అమెరికన్ పూల్‌కి మారాడు. 2010, 2011లో వరుసగా యూఎస్ ఓపెన్ నైన్‌బాల్ గెలిచాడు. ఇరుకులో నేర్చుకున్న ఓపిక విశాలంలోనూ పనికొచ్చింది.

డల్లాస్ వాడికి ఓ చురక కూడా ఉంది. అమెరికాలో చాలా బార్లలో ఉండేదీ 7 అడుగుల టేబులే. నువ్వు ఆడుతున్నది 9 అడుగులదేనా? ముందు టేపు పెట్టి కొలుచుకో తమ్ముడూ!

ఇద్దరి నోళ్లూ మూయించే ఆట ఇంకోటి ఉంది. చైనాలో పుట్టిన హేబాల్. 9 అడుగుల టేబుల్, అమెరికన్ సైజు బంతులు, స్నూకర్ తరహా గుండ్రటి ఇరుకు పాకెట్లు. రెండు కష్టాలూ ఒకే ప్లేటులో వడ్డించినట్టు.

అందుకే అటు నుంచి ఇటు వెళ్లినా, ఇటు నుంచి అటు వెళ్లినా మొదటి రోజే పందెం కాయకండి. ఓ నాలుగు గేములు ఊరికే ఆడి, బట్ట వేగం, పాకెట్ల మూడ్ తెలుసుకోండి. మొదటి రోజు ఓడిపోయాడని ఫ్రెండ్‌ని ఆడుకోకండి కూడా. వాడికి ఆట రాక కాదు, టేబుల్ కొత్త. ఇది గ్రూపులో పడేయండి, గొడవ ఆగకపోయినా కనీసం లెక్కలతో కొట్టుకుంటారు!