మితభాషి నోట పెట్టిన మాటలు

తాను అనలేదని ఒక మనిషి నిండు సభలో చెప్పిన మాటను లోకం నూరేళ్లుగా అతని పేరుమీదే చలామణీ చేస్తోంది. అమెరికా ముప్ఫయ్యో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ పేరు వస్తే చాలు, సూక్తుల సంకలనాల్లో, వక్తల ఉపన్యాసాల్లో అదే విందు కథ. మీ చేత మూడు మాటలైనా పలికిస్తానని పందెం కాశానంటుంది పక్కనున్న ఆవిడ. మీరు ఓడిపోయారని రెండే మాటల్లో బదులిస్తాడాయన. 1924 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో అసోసియేటెడ్ ప్రెస్ వార్షిక విందు జరిగింది. సంస్థ పెద్ద ఫ్రాంక్ నోయెస్ ముఖ్య అతిథిని పరిచయం చేస్తూ ఈ కథే చెప్పాడు. కూలిడ్జ్ లేచి, వాషింగ్టన్‌లో తిరుగుతున్న ఆధారంలేని పుకార్లకు మీ సంస్థ అధ్యక్షుడు చక్కని ఉదాహరణ చూపించాడని అన్నాడు. నిజానిజాలు తేల్చుకుని వార్త రాయాల్సినవాళ్ల విందులో, వాళ్ల పెద్ద చెప్పిన కథ గురించే అన్న మాట అది. పందెం కథలో లేని పదును ఇందులో ఉంది. లోకం మాత్రం కట్టుకథను దాచుకుని అసలు మాటను పారేసింది. ఇది చిన్న పొరపాటని మేము అనుకోవడం లేదు. మితభాషిని నవ్వులాటకు సరుకు చేసుకుంటే అతను నిజంగా చెప్పినవి చదివే శ్రమ తప్పుతుంది. వేయిపడగలను హిందీలోకి తెచ్చిన పి.వి. నరసింహారావు బిగించిన మూతిని కార్టూన్లలో చూసి తృప్తిపడిన వాళ్లం మనం. మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అసలు కూలిడ్జ్ మాట్లాడనివాడే కాదు. అయిదున్నరేళ్ల పదవీకాలంలో వారానికి రెండుసార్ల చొప్పున అయిదువందలకు పైగా పత్రికా సమావేశాలు జరిపాడు. 1923 డిసెంబరులో కాంగ్రెస్‌నుద్దేశించి ఆయన చేసిన ప్రసంగం రేడియోలో ప్రసారమైంది. అంతకుముందు ఏ అధ్యక్షుడి వార్షిక ప్రసంగమూ అలా జనానికి వినబడలేదు. విందుల్లో, ముఖాముఖిలో నోరు కట్టుకున్నాడంటే అందుకు కారణముంది. అధ్యక్షుడి మాటకు అపారమైన బరువుంటుందనీ, దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడకూడదనీ పదవి దిగిన ఏడాదే వెలువడిన ఆత్మకథలో రాసుకున్నాడు. సిగ్గరి స్వభావం కొంత ఉండవచ్చు గాని, ఇది స్వభావంతో సరిపెట్టగల విషయం కాదు. ఇది పాలన గురించిన ఒక నిశ్చయం. 1910లో తండ్రి వెర్మాంట్ సెనేట్‌కు ఎన్నికైనప్పుడు కొడుకు రాసిన ఉత్తరంలోనే దీని మొలక కనిపిస్తుంది. మంచి బిల్లులు గట్టెక్కించడంకన్నా చెడ్డ బిల్లుల్ని ఆపడం ముఖ్యమని ఆ సలహా. అధ్యక్షుడయ్యాక యాభై బిల్లుల్ని తిప్పికొట్టాడు. రైతుల మిగులు పంటను ప్రభుత్వం కొనాలన్న మెక్‌నరీ–హాగెన్ బిల్లునైతే రెండుసార్లు, సొంత పార్టీవాళ్లే మొరపెట్టుకున్నా సరే. తన తర్వాత వచ్చిన హూవర్‌కు చెప్పిన చిట్కా కూడా ఈ కోవలోదే. వచ్చేవాళ్లలో పదింట తొమ్మిదిమంది అడగకూడనిది అడగడానికే వస్తారు, కదలకుండా కూర్చుంటే మూడు నాలుగు నిమిషాల్లో వాళ్ల మాటలు వాటంతటవే అయిపోతాయి. ఆయన చమత్కారం పొట్టిగా ఉండటానికి ఇదే కారణం. అది కాదనడానికి వాడిన పనిముట్టు. కాదని చెప్పేటప్పుడు మాట సాగితే బేరానికి సందు దొరుకుతుంది.

పందెం కథకంటే ఘోరం 1925 జనవరిలో పత్రికా సంపాదకుల సభలో ఆయన చేసిన ప్రసంగానికి జరిగింది. అమెరికన్ల ముఖ్య వ్యాపకం వ్యాపారమేనని అందులో ఒక వాక్యం ఉంది. దాన్ని మరింత చెక్కి, అమెరికా పని వ్యాపారమేనన్నాడని నినాదంగా మార్చారు. ఆ ప్రసంగం పత్రికా స్వేచ్ఛ మీద. డబ్బు కూడబెట్టడమే జీవిత పరమార్థం కాజాలదనీ, ఆ జనానికి సంపదకంటే ఎక్కువ కావలసినవి ఉన్నాయనీ, వాళ్ల ముఖ్య ఆదర్శం ఆదర్శవాదమేననీ అందులోనే చెప్పాడు. ఆ భాగాన్ని ఎత్తి చూపినవాళ్లు తక్కువ. తల నరికిన వాక్యాన్ని ఉటంకించడం పద్యంలో ఒక్క పాదం పట్టుకుని కవిని శిక్షించడం లాంటిది. మూలం తెరిచి చూడటానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు వెచ్చించనివాళ్లు ఇంకొకరి బుద్ధికి తూకం వేయడానికి అనర్హులని మేము కచ్చితంగా అంటాం.

నోరు విప్పాలనుకున్నప్పుడు ఎలా విప్పాడో కూడా చూడాలి. 1924 జులైలో టెన్నిస్ ఆడుతూ కాలికి లేచిన బొబ్బ విషమించి పదహారేళ్ల కొడుకు చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉండగానే, తర్వాతి నెలలో ఒకాయన ఉత్తరం రాశాడు, న్యూయార్క్‌లో ఒక నల్లజాతి అభ్యర్థి కాంగ్రెస్‌కు పోటీచేయడమేమిటని. మీ ఉత్తరం చూసి ఆశ్చర్యపోయానని కూలిడ్జ్ జవాబిచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అయిదు లక్షలమంది నల్లవారికి సైన్యంలో చేరమని పిలుపు వెళ్లిన సంగతి గుర్తుచేసి, పోటీచేయడం ఆ అభ్యర్థి హక్కని తేల్చాడు. 1925 అక్టోబరులో ఒమాహాలో మాజీ సైనికుల సభలో, మూడు శతాబ్దాల కిందట మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లయినా, మూడేళ్ల కిందట చౌక టికెట్టు మీద దిగినవాళ్లయినా ఇప్పుడంతా ఎక్కింది ఒకే పడవ అన్నాడు. నవ్వు పుట్టించే మాటలోనే ఒక జాతి నీతి ఇమిడింది.

కూ క్లక్స్ క్లాన్ పేరెత్తి ఖండించలేదే, 1927లో మిసిసిపీ వరద ముంచెత్తితే వెళ్లి చూడలేదే అంటారు. ఆ రెండూ లోపాలే, ఒప్పుకుంటాం. కానీ ఆయన చేసిన పెద్ద అపకారాలను వెతకండి, అవి మౌనంలో దొరకవు. 1928 జనవరిలో, దలాళ్లు షేర్ల మీద ఇస్తున్న అప్పులు మరీ ఎక్కువేమీ కాదని పైకి అన్నాడు. బజారు ఎగసింది. ఆపుకోవలసిన మాట అదే. 1924లో వలసల చట్టం మీద సంతకం పెట్టాడు. జపానీయులను వెలివేసే నిబంధన ఒక్కటే విడిగా వస్తే తిరస్కరించేవాణ్నని చెప్పి మరీ పెట్టాడు. పౌరసత్వానికి అనర్హులుగా జమకట్టిన ఆసియావాసులందరికీ ఆ తలుపు మూసుకుంది. అది సరిగా తెరుచుకోవడానికి 1965 దాకా పట్టింది. ఇవాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘాలున్నాయంటే, ఆ సంతకం రద్దు కావడం వల్లే. తిప్పికొట్టవలసిన బిల్లును తిప్పికొట్టలేదు, అదీ ఆయన మీద నిలిచే అభియోగం. ఆయన్ని పట్టుకోవలసింది తన సొంత సూత్రాన్ని తప్పినచోట.

1927 ఆగస్టు 2న సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో, వేసవి కార్యాలయంగా వాడుకుంటున్న బడిలో విలేఖరులకు తలా ఒక చీటీ చేతిలో పెట్టాడు. 1928లో పోటీ చేయదలచుకోలేదని ఒకే వాక్యం. ఎవరెంత అడిగినా ఇంకేమీ కలపలేదు. దలచుకోలేదంటే వద్దనా, బతిమాలితే కావాలనా అని పత్రికలు నెలల తరబడి నిఘంటువులు తిరగేశాయి. ఎప్పుడూ పొగడ్తల మధ్య బతికే అధ్యక్షులకు తమ గురించి తామే భ్రమపడే జబ్బు పట్టుకుంటుందని తర్వాత ఆత్మకథలో రాశాడు. 1929 మార్చిలో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో మాసాసాయిట్ వీధికి, తన పాత అద్దె వాటాకి తిరిగి వెళ్లిపోయాడు.