ఉచితంగా వచ్చిన నౌక, పెరిగిపోయిన బిల్లు

ఐఎన్ఎస్ విక్రమాదిత్య మన నౌకాదళానికి గర్వకారణం. అయితే ఆయుధాల కొనుగోలులో ఖర్చు ఎక్కడ చేజారుతుందో తెలుసుకోవాలంటే ఈ నౌక కథే చూడాలి.

2004లో రష్యాతో ఒప్పందం కుదిరింది. అడ్మిరల్ గోర్ష్‌కోవ్ అనే పాత నౌక మనకు ఉచితం. దాన్ని బాగుచేసి ఇవ్వడానికి 97.4 కోట్ల డాలర్లు. 2008కల్లా అప్పగించాలి. తీరా పని మొదలయ్యాక, మార్చాల్సిన కేబుళ్లు, పరికరాలు అంచనాకు మించి బయటపడ్డాయి. 2010లో ధర 235 కోట్ల డాలర్లకు చేరింది. 2012 సముద్ర పరీక్షల్లో బాయిలర్లు మొరాయించాయి. నౌక మన చేతికి వచ్చింది 2013 నవంబరులో.

మరి మనం ఎందుకు ఒప్పుకున్నాం? సగంలో ఆపేస్తే కట్టిన డబ్బూ పోతుంది, నౌకా రాదు. సంతకం పెట్టేముందు ఉన్న బేరమాడే శక్తి, పెట్టాక ఉండదు.

ఇది విదేశీ కొనుగోళ్ల జబ్బు మాత్రమే కాదు. కొచ్చిలో మనమే కట్టుకున్న విక్రాంత్‌కు 2003లో మంజూరైంది 3,261 కోట్ల రూపాయలు. 2022లో నౌకాదళ విధుల్లో చేరేనాటికి ఖర్చు సుమారు 20,000 కోట్లు.

2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో కొత్త ఆయుధాలు, సామగ్రి వంటి పెట్టుబడి వ్యయానికి దక్కేది 1.80 లక్షల కోట్లే. జీతాలు, పింఛన్లు తగ్గించలేం. కాబట్టి ఒక పథకం ఖర్చు పెరిగితే, సరిహద్దులో నిలబడిన జవానుకు కావలసిన మరో వస్తువు వెనక్కి పోతుంది.

అమెరికాలో 1982 నుంచి ఒక నిబంధన ఉంది. ఆయుధ పథకం ఖర్చు 25 శాతం మించి పెరిగితే, దాన్ని ఎందుకు కొనసాగించాలో రక్షణ శాఖ కాంగ్రెస్‌కు ధ్రువీకరించాలి, లేదా ఆపేయాలి. 2024లో సెంటినెల్ క్షిపణి ఖర్చు 81 శాతం పెరిగినా పథకం ఆగలేదు. అయినా లెక్క బయటికొచ్చింది, కారణం చెప్పక తప్పలేదు. మన దగ్గర కాగ్ నివేదిక చాలాసార్లు డబ్బు ఖర్చయ్యాకే వస్తుంది.

సంఘం మందిరం కట్టుకుంటే, అంచనా రెట్టింపైనప్పుడు కమిటీని నిలదీస్తాం. అది అపనమ్మకం కాదు, బాధ్యత. రక్షణ రహస్యాలు మనకు అక్కర్లేదు. మొదటి అంచనా ఎంత, ఇప్పుడెంత, తేడా ఎందుకు? ఈ మూడు ప్రశ్నలకు పార్లమెంటులో ఏటా జవాబు రావాలని మన ఎంపీలను అడుగుదాం.